దూరపు గడువులు నునుపు

వాతావరణ మార్పుపై మన దేశానికి ఒక విధానమంటూ లేదని వాపోయేవారిని చూస్తే జాలి కలుగుతుంది. విధానం ఉంది. కేంద్రంలో ప్రభుత్వాలు మారినా అది చెక్కుచెదరలేదు. గడువు ఎంత దూరంలో ఉంటే మాట అంత ఘనంగా ఇవ్వాలి. గడువు ఎంత దగ్గరపడితే దానిని అంత మర్యాదగా పొడిగించాలి. ఈ రెండు సూత్రాలూ తెలియక మన పర్యావరణవేత్తలు అనవసరంగా ఆవేశపడుతున్నారు.

2008 జూన్ 30న మన్మోహన్ సింగ్ ప్రభుత్వం వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళికను విడుదల చేసి, సౌరశక్తి నుంచి హిమాలయాల దాకా ఎనిమిది మిషన్లను ప్రకటించింది. 2014లో వచ్చిన ప్రభుత్వం పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ పేరు చివర ‘వాతావరణ మార్పు’ను కూడా చేర్చింది. బోర్డులు రాసే పెయింటర్ల చేతి చలవ వల్ల, దేశంలో ప్రకటించిన వెంటనే అమలైన వాతావరణ చర్యగా దీనినే చెప్పుకోవాలి.

దూరపు గడువులలో మకుటాయమానమైనది 2021 నవంబరు 1న గ్లాస్గో వాతావరణ సదస్సులో వెలువడింది. 2070 నాటికి దేశం నికర శూన్య ఉద్గారాల స్థాయికి, అంటే గాలిలోకి వదిలినంత కర్బనాన్నీ తిరిగి తీసివేసే స్థితికి, చేరుతుందని ప్రధాని మోదీ అక్కడ ప్రకటించారు. ఆ సంవత్సరాన్ని ఎంచుకోవడంలోని దూరదృష్టిని మెచ్చుకోకుండా ఉండలేము. మాట ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లకొకటి చొప్పున లెక్కవేస్తే, మధ్యలో పది లోక్‌సభ ఎన్నికలున్నాయి. మాట తప్పితే ఆనాడు సభలో సంజాయిషీ చెప్పుకోవలసిన మంత్రిగారు ఇప్పుడు ఏ అంగన్‌వాడీలోనో పలక పట్టుకుని ఉండవచ్చు, అసలు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు కూడా. ఇక అమెరికా సంగతి చూడండి. భూతాపాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందంలో చేరింది, బయటికి పోయింది, 2021లో తిరిగి వచ్చింది, 2025లో మళ్లీ వెళ్లిపోతున్నానంది. దానితో పోలిస్తే మనం మాట మీద నిలబడ్డవాళ్లమే. నిలబడడానికి ఇబ్బంది ఏముంది, ఆ మాట ఇంకా మన గుమ్మం దాకా రాలేదు కదా.

గుమ్మం దాకా వచ్చిన గడువుల కథ వేరు. 2015 డిసెంబరులో కేంద్రం బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగపై నిబంధనలు తెచ్చింది. సల్ఫర్ డయాక్సైడ్‌ను వడగట్టే ఎఫ్‌జీడీ యంత్రాలను రెండేళ్లలో పెట్టుకోవాలన్నది. 2017 రానే వచ్చింది, యంత్రాలు రాలేదు. గడువు 2022 వరకు పెరిగింది. 2022 దగ్గరపడుతుండగా, 2021లో విద్యుత్ కేంద్రాలను వాటి చుట్టుపక్కల ఉన్న జనాన్ని, కాలుష్యాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీసి, తరగతికొక తేదీ ఇచ్చారు. 2022లో ఆ తేదీలను మార్చారు. 2024 ముగిసేవేళ మరో మూడేళ్లు కలిపారు. ఇలా పదేళ్లపాటు ఒక గడువును పెంచి పోషించి, చివరికి 2025 జులైలో దేశంలోని సుమారు 78 శాతం యూనిట్లకు అసలు ఆ యంత్రమే అక్కర్లేదని తేల్చారు. దీన్ని మినహాయింపు అనడం కన్నా గడువుకు మోక్షం ప్రసాదించారనడం సబబుగా ఉంటుంది. పొగగొట్టం నిర్దేశించినంత ఎత్తుంటే చాలునట. పొగ పక్కనున్న ఊరి మీద కాక పక్క జిల్లా మీద పడడాన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారేయకూడదు. అది కూడా ఒక రకం అధికార వికేంద్రీకరణే.

ఈ మోక్షానికి చూపిన కారణాలలో ఒకదానిని మాత్రం బంగారు ఫ్రేము కట్టించి మంత్రిత్వ శాఖ గోడకు తగిలించాలి. మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది ఎలాగూ ఉంది. ఎఫ్‌జీడీ నడవడానికి కరెంటు కావాలి, అది వాడే సున్నపురాయి నుంచి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, కాబట్టి ఆ యంత్రం పెడితే వాతావరణానికి చేటు అన్నది అసలు ముత్యం. సల్ఫర్ డయాక్సైడ్ భూమిని వేడెక్కించే వాయువు కాదన్నది నిజమే. గాలిలో అది సల్ఫేటు ధూళిగా మారి ఎండను కొంత అడ్డుకుంటుంది కూడా. ఈ సూక్ష్మం ఊపిరితిత్తులకు బోధపడదు, అది వాటి అజ్ఞానం. బొగ్గు కాల్చడంలో ఎన్నడూ గుర్తుకురాని వాతావరణం, బొగ్గు పొగను కడగవలసి వచ్చేసరికి ఒక్కసారిగా గుర్తుకురావడం మన పరిపాలనా సున్నితత్వానికి నిదర్శనం.

మనం గడువుకు ముందే సాధించినవీ ఉన్నాయి, వాటిని దాచడం ద్రోహమవుతుంది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులతో పనిలేని వనరులది కావాలన్న 2030 లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నాం. సౌర ఫలకాలు పరచిన వారి శ్రమ చిన్నది కాదు. ఇది నిజంగా గొప్ప పని, వ్యంగ్యానికి లొంగదు. అయితే స్థాపిత సామర్థ్యం వేరు, తయారైన కరెంటు వేరు. బీరువాలో సగం పట్టుచీరలే ఉన్నంత మాత్రాన ఇంటావిడ రోజూ పట్టుచీరే కడుతోందనుకోకూడదు. మన ఇళ్లలో వెలిగే కరెంటులో నూటికి డెబ్బై వంతుల దాకా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. 2024-25లో దేశం తొలిసారి ఒక ఏడాదిలో 100 కోట్ల టన్నుల బొగ్గు ఉత్పత్తిని దాటినప్పుడు ప్రభుత్వం దానినీ అంతే గర్వంగా చాటింది. రెండు విజయాలకూ ఒకే నోటితో అభినందనలు చెప్పగలగడం అందరికీ చేతనయ్యే విద్య కాదు.

ఈ మాటలు విని కొందరు పెద్దలు ‘తలసరి’ అంటారు. వారిని ఎగతాళి చేయలేను, ఎందుకంటే వారు చెప్పేది నిజం. ఒక సగటు అమెరికన్ వదిలే కర్బనం సగటు భారతీయుడు వదిలేదానికి ఆరేడు రెట్లు. వాతావరణ సాయంగా పేద దేశాలకు 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో మాట ఇచ్చి, 2022లో గానీ ఆ మొత్తాన్ని చేరలేదు. గడువుల విద్యలో మనకు గురువులు వాళ్లే. 2024లో బాకూ సదస్సులో వాళ్లు మరో మొత్తాన్ని 2035 నాటికి ఇస్తామంటే మన ప్రతినిధి సభలోనే అది చాలదని నిలదీశారు, సబబుగానే నిలదీశారు.

ఇబ్బందల్లా ఆ సగటు దేశం సరిహద్దు దాటి లోపలికి వచ్చేసరికి ఏమవుతుందన్నదే. శ్రీకాకుళం జీడితోటలో పనిచేసే కూలీ ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు ఉంటాయి. జూబ్లీహిల్స్‌లో గదికొక ఏసీ, మనిషికొక కారు ఉంటాయి. ఇద్దరినీ కలిపి భాగిస్తే వచ్చే తలసరి అంకె అంతర్జాతీయ వేదికలపై మన పేదరికానికి సాక్ష్యం పలుకుతుంది. అంటే ఆ కూలీ తన వాటా కర్బనాన్ని వాడుకోకుండా మిగిల్చి, జూబ్లీహిల్స్ వారికి దానం చేస్తున్నాడన్నమాట. ఇంత పెద్ద దాత తానేనని అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. పద్మ పురస్కారాల సంఘం వారైనా పరిశీలించాలి.

దాతలకు ఎండ కూడా ఎక్కువే తగులుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా మరణించారు. అయినా విపత్తు సహాయ నిధికి అర్హమైన జాతీయ జాబితాలో ఆ తర్వాతా పన్నెండు విపత్తులే ఉండిపోయాయి. శీతల గాలులున్నాయి, మంచు చరియలున్నాయి, పంటలపై చీడల దాడి ఉంది. 2025 నాటికీ వడగాడ్పులు మాత్రం అందులో లేవు. ఉన్న జాబితా చాలునని 15వ ఆర్థిక సంఘం కూడా అభిప్రాయపడింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, వడదెబ్బకు మరణించినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల సాయం ఇస్తామన్నది. మంచి ఉత్తర్వు. అదే ప్రభుత్వం ఆ ఉత్తర్వుకు కొద్ది రోజుల ముందే, ఉగాది సెలవుల్లో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో చెట్ల మీదికి బుల్డోజర్లను పంపింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేవరకు అవి ఆగలేదు. నీడను తీసేసి, నీడ లేక పోయినవారికి పరిహారం ప్రకటించడంలో రెండు శాఖల మధ్య ఉన్న సమన్వయం శ్లాఘనీయం.

ఆ పరిహారం అందాలంటే మరణం వడదెబ్బ వల్లనే సంభవించిందని తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి నిర్ధారించాలి. శవపరీక్ష, పంచనామా జరగాలి. ప్రజాధనం కదా, జాగ్రత్త మంచిదే. ఆ జాగ్రత్తను ఇంకొంచెం పైకి కూడా విస్తరించాలని కేంద్ర ప్రభుత్వానికి నా మనవి. ఇకమీదట ఏ మంత్రిత్వ శాఖలోనైనా ఒక వాతావరణ గడువు చనిపోతే, ఇలాంటి ముగ్గురు సభ్యుల సంఘాన్ని వెంటనే ఢిల్లీకి పంపాలి. గడువు చివరిసారి ఎవరి బల్ల మీద సజీవంగా కనిపించింది, ఆ సమయంలో గదిలో ఎవరెవరున్నారు, ఒంటి మీద గాయాలేమైనా ఉన్నాయా అన్నవి పంచనామాలో రాయించి, సంబంధిత అధికారుల చేత సంతకాలు పెట్టించాలి. ఎఫ్‌జీడీ గడువు కాగితాలు ఇంకా ఫైళ్లలోనే ఉంటాయి గనుక, మొదటి కేసు దానితోనే మొదలుపెట్టవచ్చు.