ప్రేక్షకులకి 17 నియమాలు, గేటుకి ఒక్కటీ లేదు

ఫుట్‌బాల్ చూసే జనం ఎంత ప్రమాదకరమో ప్రపంచానికి ఎప్పుడో తెలుసు, ఒడిశాలో మా గజపతి జిల్లాకే కాస్త ఆలస్యంగా తెలిసొచ్చింది. పర్లాకిమిడికి దగ్గర్లో ఒక ఊరు, పేరు చెప్పను, చెప్తే మా బామ్మర్ది ఇంక పండక్కి మా గడప తొక్కడు, వాడు ఆ టోర్నమెంటు కమిటీలో ట్రెజరరు. సంక్రాంతి వెళ్ళాక అక్కడ ఏటా జరిగే పోటీలకి ఈసారి కరపత్రం వేశారు, ఒకపక్క ఒడియా, ఇంకోపక్క తెలుగు. ఏ టీము ఎవరితో ఆడుతుందో అందులో లేదు. మ్యాచ్ ఎన్నింటికో లేదు. ఫస్ట్ ప్రైజు పొట్టేలని ఊరంతా చెప్పుకుంటున్నారు, దాని ఊసూ లేదు. ఉన్నదల్లా ప్రేక్షకులు పాటించవలసిన నియమాలు, లెక్కపెడితే 17.

డప్పు తేకూడదు. తుడుం తేకూడదు. కొమ్ముబూర అసలే తేకూడదు. నీళ్ళ బాటిల్ తేకూడదు, ఎందుకంటే విసురుతారట, కానీ లోపల కమిటీ స్టాల్లో అదే బాటిల్ 20 రూపాయలకి అమ్ముతారు, డబ్బులిచ్చి కొన్నది ఎవడూ విసరడని వాళ్ళ సిద్ధాంతం కాబోలు. గోల్ పడితే కూర్చున్నచోటే ఆనందించాలి. రెఫరీగారి తల్లిదండ్రుల ప్రస్తావన తేకూడదు, సరే, ఇదొక్కటి న్యాయమే అనుకుందాం. పదకొండోది మాత్రం ఫ్రేము కట్టించి గోడకి తగిలించాల్సిన రకం: గుంపులుగా రావడం నిషేధం. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి! మరెలా రావాలి బాబూ, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నట్టు ఒకడు లోపలికెళ్ళి చూసొచ్చాక ఇంకొకడు వెళ్ళాలా?

ఈ నియమాలు పుట్టిన శాంతి కమిటీ మీటింగ్‌కి నేనూ వెళ్ళాను, గారెల్లాంటి బరా, బఠాణీల ఘుగ్ని పెడతారంటే. రిటైర్డ్ హెడ్మేస్టారు ఒకాయన లేచి, "ఆడే గుంటలు మంచోళ్ళేనండీ, చూడ్డానికి కొండ దిగొస్తారు చూడండి, ఆళ్ళతోటే భయం, తాగొస్తారు, ఇంగ్లండులో ఏటయిందో పేపర్లో చదవలేదేటి" అన్నారు. అందరూ తలూపారు. ఏమయిందని ఒక్కరూ అడగలేదు, ఘుగ్ని చల్లారిపోతుందిగా.

మేస్టారు చదివింది 1985లో బ్రస్సెల్స్ హైసెల్ స్టేడియం సంగతి అయ్యుండాలి. ఇంగ్లండు క్లబ్బు లివర్‌పూల్ అభిమానులు ఇటలీ క్లబ్బు యువెంటస్ అభిమానుల మీదకి ఎగబడితే తోపులాటలో గోడ కూలి 39 మంది పోయారు, కొందరికి జైలుశిక్షలు పడ్డాయి, ఇంగ్లండు క్లబ్బుల్ని ఐదేళ్ళు యూరప్ పోటీల్లోంచి గెంటేశారు. అది నిజం, ఎవరూ కాదనలేరు. అయితే మేస్టారు అక్కడితో పేపరు మడిచేశారు, తర్వాతి పేజీ తిప్పలేదు. ఆ పేజీ దగ్గరికి నేనొస్తాను.

ఈలోగా చిన్న సందేహం. ఈ మేస్టారే క్రికెట్ అంటే చెవి కోసుకుంటారు, అది పెద్దమనుషుల ఆటంటారు. 2015 అక్టోబర్ 5న మన కటక్‌లోనే, బారాబతి స్టేడియంలో, దక్షిణాఫ్రికా మీద ఇండియా 92కి ఆలౌటైతే గ్రౌండులోకి వానలా కురిసినవి ఏంటండీ మరి, పూలా? నీళ్ళ బాటిళ్ళు. ఆట ఆపి ప్లేయర్లని బయటికి తీసుకెళ్ళారు. 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో వరల్డ్‌కప్ సెమీఫైనల్ మధ్యలోనే ఆపేసి శ్రీలంకకి ఇచ్చేయాల్సొచ్చింది, అక్కడున్నదీ పెద్దమనుషులే. సినిమావాళ్ళ సంగతి ఎత్తను, కొత్త సినిమా వచ్చిన రోజు బోర్డర్ దాటి పాతపట్నం వెళ్ళి హాల్లో సీటు చింపి, కాగితాలు చల్లి, గొంతు పోయేదాకా అరిచి ఇంటికొచ్చిన కుర్రాడే మర్నాడు శాంతి కమిటీలో వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకుని డప్పులు జప్తు చేస్తున్నాడు.

అసలు ఆ గ్రౌండులో క్రమశిక్షణ తప్పేది ఎవరో పోయినేడు ఫైనల్ చూసినవాళ్ళని అడగండి. మ్యాచ్ మూడింటికి. ముఖ్య అతిథి నాలుగుంపావుకి దిగారు, ఏడు కార్లతో, గుంపుగానే. అప్పటిదాకా రెండు టీములూ ఎండలో వరసగా నిలబడే ఉన్నాయి. ఆయన ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని పేరడిగారు, పేరు వినేలోపు కెమెరా వైపు తిరిగారు, ఇలా 22 సార్లు. ఆయన వెనక గొడుగు పట్టే మనిషి, అతని వెనక శాలువాలు మోసే మనిషి, అతని వెనక ఎందుకొచ్చాడో ఎవరికీ తెలీని ఇంకో మనిషి. తర్వాత జ్యోతి ప్రజ్వలన, గాలికి నాలుగుసార్లు ఆరింది, చివరికి దీపానికీ గొడుగు పట్టారు. తర్వాత యువత వ్యసనాలకి దూరంగా ఉండాలని అరగంట ఉపన్యాసం, వేదిక మీద సగంమంది నోట్లో గుట్కా ఉంది కాబట్టి చప్పట్లు తప్ప నోటిమాట రాలేదు. తర్వాత బంతి.

సెంటర్లో బంతి పెట్టారు. ఆయన పంచె ఎగ్గట్టి, రెండడుగులు వెనక్కేసి, గట్టిగా తన్నారు. బంతి కదల్లేదు. చెప్పు లేచింది. లేచి గాల్లో గిర్రున తిరిగి వెళ్ళి లైన్స్‌మన్ ముందు పడింది, ఆ కుర్రాడు కంగారులో జెండా ఎత్తేశాడు. చెప్పు ఆఫ్‌సైడు! జనం నవ్వారు, నవ్వరా మరి, ఎండలో అంతసేపు కూర్చున్నాక దొరికిన మొదటి వినోదం అది. ఆ నవ్వుకే ఈ ఏడాది పద్నాలుగో నియమం పుట్టింది, అతిథులను చూచి నవ్వరాదు. ఫోటో సరిగ్గా రాలేదని ఇంకోసారి తన్నించారు. ఈసారి బంతి కదిలింది, దాని వెనకే ముప్పై నలభైమంది అనుచరులూ కదిలారు, పెనాల్టీ బాక్సులో గ్రూప్ ఫోటో, క్రాస్‌బార్ పట్టుకుని వేలాడుతూ సెల్ఫీ, నెట్టు చిరిగింది, దాన్ని గోల్‌కీపరే పురికొసతో కట్టుకున్నాడు. ఆట మొదలయ్యేసరికి అయిదున్నర దాటింది, చీకటి పడుతుందని సెకండాఫ్ 20 నిమిషాలకి కుదించారు. ఇంత జరిగినా పది రూపాయల టికెట్ కొన్నవాడు ఒక్కడు కూడా సున్నం గీత దాటి లోపలికి రాలేదు. కావాలంటే వీడియో ఉంది, మా బామ్మర్దే తీశాడు.

మాదంటే చిన్న ఊరు. 2025 డిసెంబర్‌లో కోల్‌కతాకి మెస్సీ వస్తే ఏమయింది? వేలకి వేలు పోసి టికెట్ కొన్నవాళ్ళు సాల్ట్‌లేక్ స్టేడియం గ్యాలరీల్లో కూర్చున్నారు, మెస్సీ చుట్టూ నాయకులు, వాళ్ళ మనుషులు, ఫోటోలవాళ్ళు గోడకట్టేశారు, ఇరవై నిమిషాలకో ఎంతకో ఆయన వెళ్ళిపోయాడు, గ్యాలరీ నుంచి చూసినవాళ్ళకి కనపడింది వీఐపీల వీపులు. కుర్చీలు విరిగాయి, తప్పే, నేను సమర్థించను. కానీ మర్నాడు అందరూ విరిగిన కుర్చీల గురించే మాట్లాడారు చూడండి, మా కమిటీకీ అదే కావాలి.

ఇప్పుడు మేస్టారు తిప్పని పేజీ.

1989 ఏప్రిల్ 15, ఇంగ్లండులో షెఫీల్డ్, హిల్స్‌బరో స్టేడియం, లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. బయట రద్దీ పెరిగిందని పోలీసులే పెద్ద గేటు తెరిపించారు, లోపల జనం నిలబడి చూసే కంచెల మధ్య నడిమి గూళ్ళు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, వాటిలోకి పోయే సొరంగం దారి మాత్రం మూయించలేదు. ముందు ఇనుప కంచె, వెనక తోసుకొచ్చే జనం. 97 మంది చచ్చిపోయారు, అందులో పదేళ్ళ పిల్లాడున్నాడు. గేటు అభిమానులే బద్దలుకొట్టారని పోలీసు అధికారి అబద్ధం చెప్పాడు. నాలుగు రోజులకి 'ది సన్' పేపరు అభిమానులు శవాల జేబులు కొట్టారని మొదటి పేజీలో వేసి, దానికి సత్యం అని హెడ్డింగు పెట్టింది. శవాల రక్తం తీసి మందు తాగారా అని పరీక్ష చేశారు, పిల్లల్ని కూడా వదల్లేదు. పదేళ్ళ పిల్లాడు తాగొచ్చాడేమోనని చూడ్డానికి ఎంత సిగ్గులేనితనం ఉండాలండీ? పోలీసుల స్టేట్‌మెంట్లు 164 దిద్దారని 2012లో బయటపడింది. అభిమానుల తప్పేమీ లేదు, వాళ్ళవి అన్యాయంగా తీసిన ప్రాణాలని జ్యూరీ చెప్పేసరికి 2016 వచ్చింది. 27 ఏళ్ళు! కొడుకు తాగుబోతు కాదని నిరూపించడానికి తల్లులు 27 ఏళ్ళు తిరిగారు, తిరుగుతూనే కొందరు పోయారు. లివర్‌పూల్‌లో ఆ పేపరు ఇప్పటికీ చాలామంది ముట్టుకోరు, మన మేస్టారు మాత్రం ఇంకా అదే చదువుతున్నట్టు మాట్లాడుతున్నారు.

తాగొస్తారు అన్నది ఎవరినో మాకు తెలీదా? కొండ మీద సవర గూడేల పిల్లల్ని. వాళ్ళు పికప్ వ్యానులో నిలబడి రెండు గంటలు దిగొస్తారు, అన్నం డేగిసా కూడా తెచ్చుకుంటారు. వాళ్ళ టీముకి బూట్లు ఎనిమిది జతలే, సబ్‌స్టిట్యూట్ లోపలికి వెళ్ళాలంటే బయటికొచ్చినవాడు గీత మీదే కూర్చుని లేసులు విప్పి ఇవ్వాలి, వీడి పాదం చిన్నదైతే ముందు వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకోవాలి, అంతసేపూ వాళ్ళ జనం డప్పు కొడుతూ ఉంటారు, రెఫరీ విసుక్కోకుండా. ఆ డప్పు మీకు శాంతిభద్రతల సమస్యా? టౌన్లో పెద్దోళ్ళ పెళ్ళికి డీజే పెట్టి అర్ధరాత్రి దాకా కిటికీ అద్దాలు అదరగొడితే ఏ శాంతి కమిటీ కూర్చుందో చెప్పండి.

అసలు భయపడాల్సింది దేనికో ఎవరికీ పట్టలేదు. గ్రౌండుకి రెండు గేట్లు. తూర్పు గేటుకి తాళం, ఎందుకంటే దానికి ఆనించి వీఐపీ కార్లు పెడతారు. జనమంతా పడమటి గేటులోంచే రావాలి, పోవాలి, దాని పక్కనే వెదుళ్ళు కట్టి లేపిన గ్యాలరీ. మలప్పురంలో 2022 మార్చిలో ఇలాంటి తాత్కాలిక గ్యాలరీయే మ్యాచ్ మధ్యలో కూలింది. అదే ఏడాది అక్టోబర్ 1న ఇండోనేసియా కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు గ్యాలరీల మీదకి టియర్‌గ్యాస్ వదిలితే జనం గేట్లవైపు పరిగెత్తారు, కొన్ని గేట్లు మూసే ఉన్నాయి, 135 మంది పోయారు. స్టేడియాల్లో ఆ గ్యాస్ వాడొద్దని ఫిఫా నియమాల్లోనే ఉంది, పాటించాల్సింది ప్రేక్షకులు కాదు కాబట్టి దానికి కరపత్రం పడలేదు.

మీటింగులో ఈ మాటే అడిగాను. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు, అందులో ఒకాయన ఇప్పుడు సూరత్‌లో ఉన్నాడు. గేటు తీస్తే కార్లు ఎక్కడ పెట్టాలని మేస్టారు నన్నే ఎదురడిగారు. మహేంద్రతనయ ఒడ్డున బోలెడంత ఇసక ఉందండీ, అక్కడ పెట్టుకుని నడిచిరండి, ఎండగా ఉంటే గొడుగు పట్టే మనిషి ఎలాగూ ఉన్నాడు.