సింహాల్ని ఆపిన వంశం, ఏడో అంతస్తు, కోకాపేట

కోకాపేట, నార్సింగి వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్లకు ఈ రకం మనిషిని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కుక్కను కొంటాడు. మర్నాటి నుంచి కుక్క సంగతి వదిలేసి దాని తాతముత్తాతల గురించి మాట్లాడతాడు. మా బ్లాకు ఏడో అంతస్తు పెద్దమనిషి రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ అనే ఆఫ్రికా జాతి కుక్కను తెచ్చిన రాత్రి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ మీద గొడవ నడుస్తోంది. ఆ గొడవ మధ్యలో ఒక ఫొటో పడింది. కింద ఒకే ముక్క: ‘సింహాల్ని వేటాడిన వంశం.’ ట్యాంకర్ ఆ రాత్రి రాలేదు, వంశం మాత్రం వచ్చేసింది. అప్పటి నుంచి లిఫ్టులో, పార్కింగులో, ఆఖరికి పదమూడో అంతస్తు ముసలాయన పోయినప్పుడు పరామర్శకు వెళ్లిన చోట కూడా ఆ ముక్క వినక తప్పలేదు. కుక్క పేరు టైగర్. సింహాల్ని వేటాడిన కుక్కకు పులి పేరు పెట్టడంలో ఏదో రాజనీతి ఉండే ఉంటుంది.

ఆయన చెప్పేది పూర్తిగా అబద్ధమైతే బాగుండేది. కాదు. 1870ల్లో దక్షిణాఫ్రికా నుంచి ఒక క్రైస్తవ మిషనరీ రెండు కుక్కల్ని ఇప్పటి జింబాబ్వేలోని హోప్ ఫౌంటెన్‌కు తీసుకెళ్లాడు. అక్కడ కొర్నేలియస్ వాన్ రూయెన్ అనే వేటగాడు వాటిని తన వేటకుక్కలతో కలిపి, సింహాల వేటకు పనికొచ్చే సంతతిని తయారు చేశాడు. 1922లో బులవాయోలో కొందరు పెంపకందార్లు కూర్చుని ఈ జాతికి లక్షణాలు రాసుకున్నారు. ఆ రాతకు నమూనాగా పెట్టుకున్నది ఒంటి నిండా నల్లమచ్చలుండే డాల్మేషియన్ లక్షణాల పత్రాన్ని. మగకుక్క భుజం ఎత్తు 63 నుంచి 69 సెంటీమీటర్లు, బరువు 36 కిలోల పైచిలుకు, రంగు గోధుమ వన్నె. గుర్రాల వెంట రోజంతా పరుగెత్తగల కాళ్లు. సిసిల్ రోడ్స్ అనే తెల్లదొర పేరు పెట్టుకున్న ఆ దేశం, రొడీషియా, 1980లో జింబాబ్వేగా మారి మ్యాపులోంచే పోయింది. కుక్క మీద మాత్రం ఆ పేరు ఇంకా ఉంది.

ఒక్క చిన్న విషయం మా పెద్దమనిషి వాట్సాప్‌లో పెట్టడు. ఈ కుక్కలు సింహాన్ని చంపేవి కావు. చుట్టుముట్టి, మొరిగి, మీదికి ఉరికినట్టే ఉరికి పంజా అందకుండా తప్పుకుని, సింహాన్ని ఉన్నచోట నిలబెట్టేవి. తర్వాత గుర్రమెక్కి ఒకడు తుపాకీ పట్టుకుని తీరిగ్గా వచ్చేవాడు. ప్రాణం మీదికి తెచ్చుకునేది కుక్క, ఫొటో దిగేది దొర. ఈ రెండో పనికి మా ఏడో అంతస్తులో శిక్షణ అక్కర్లేదు.

సరే, హైదరాబాద్‌లో సింహాలెక్కడున్నాయి? బహదూర్‌పురా జూలో. 2021లో వాటిలో ఎనిమిదింటికి కరోనా వచ్చింది, పాపం కోలుకున్నాయి. టైగర్ వాటిని నిలబెట్టాలన్నా జూలోకి కుక్కల్ని రానివ్వరు. కాబట్టి రోజంతా పరుగెత్తడానికి పుట్టిన ఆ ప్రాణి బాల్కనీ గ్రిల్లు వెనక నిలబడి ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు చూస్తుంది. సాయంత్రం పనబ్బాయి పది నిమిషాలు కింద తిప్పుతాడు. అందులో నాలుగు నిమిషాలు లిఫ్టు కోసం నిలబడటానికే.

అయితే పోయిన దసరాకు టైగర్‌కు అవకాశం వచ్చింది.

క్లబ్ హౌస్‌లో అమ్మవారిని నిలబెట్టారు. అమ్మవారి వాహనం సింహం. నోరు తెరిచి, కోరలు చూపిస్తూ, జూలుకు బంగారు రంగు వేసిన నిండైన సింహం. పెద్దమనిషి రెండు రోజుల ముందే గ్రూపులో ప్రకటన ఇచ్చాడు: శనివారం ఏడింటికి టైగర్ దర్శనానికి వస్తున్నాడు, వాడి రక్తంలో ఏముందో అందరూ చూడొచ్చు. జనం వచ్చారు. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎందుకైనా మంచిదని సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఒక కర్ర పట్టుకున్నాడు. పంతులుగారు హారతి పళ్లెంతో సహా రెండడుగులు వెనక్కి జరిగారు.

టైగర్ వచ్చాడు. సింహాన్ని చూశాడు. సింహమూ చూసింది. హాలంతా ఫోన్లు పైకి లేచాయి. టైగర్ ముందుకు నడిచి, సింహం ముందరి కాలు ఒకసారి వాసన చూసి, దాన్ని దాటుకుని వెళ్లి, వెనక బల్ల మీదున్న పులిహోర బేసిన్‌లో తల పెట్టాడు. ఎంతకీ తియ్యలేదు. పనబ్బాయి గొలుసు లాగితే బేసిన్‌తో సహా వచ్చాడు. ప్రసాదం సంగతేమిటని ఆడవాళ్లు అడిగితే పంతులుగారు శాస్త్రంలో దీనికి ప్రస్తావన లేదన్నారు. పెద్దమనిషి మాత్రం కంగారుపడలేదు. ‘గమనించారా,’ అన్నాడు, ‘సింహం కదల్లేదు.’

నిజమే. కదల్లేదు. ఆ రాత్రి కదల్లేదు, మర్నాడు కదల్లేదు, నిమజ్జనానికి లారీ ఎక్కించేదాకా అంగుళం కదల్లేదు. వాన్ రూయెన్ కుక్కలు కూడా ఒక సింహాన్ని అన్ని రోజులు నిలబెట్టి ఉండవు. వీడియోకు గ్రూపులో నూట ఇరవై దండాలు పడ్డాయి.

వంశం గురించి నోరు మెదపని కాలం కూడా ఒకటి ఉందండోయ్. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రమాదకరమైన జాతులంటూ రాష్ట్రాలకు ఒక జాబితా పంపింది. అందులో రిడ్జ్‌బ్యాక్ పేరుంది. ఆ నెలంతా వంశవృక్షం బీరువాలోకి వెళ్లిపోయింది. ‘వీడిలో లాబ్రడార్ రక్తం కూడా కలిసిందండీ, పిల్లి కంటే సాధువు’ అని లిఫ్టులో ఆయనే చెప్పాడు. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఆ ఉత్తర్వును పక్కన పెట్టాయి. ఆ సాయంత్రానికే లాబ్రడార్ వెళ్లిపోయింది, సింహాలు తిరిగొచ్చాయి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక వీపు మీది గీత సంగతి. వెన్నుపూస పొడవునా ఒక పట్టీలో వెంట్రుకలు వెనక్కి కాకుండా ముందుకు పెరుగుతాయి, పైన రెండు సుడులుంటాయి. ఈ జాతికి పేరూ ధరా తెచ్చింది అదే. వచ్చినవాళ్లందరి చేతా మా పెద్దమనిషి ఆ గీత నిమిరిస్తాడు, అక్కడికి తన జంధ్యమే అయినట్టు. ఆ గీత ఎక్కడిదో తెలుసా? యూరప్ నుంచి ఓడ దిగిన కుక్కలది కాదు. దక్షిణాఫ్రికాలో పశువులు కాచుకునే ఖోయ్‌ఖోయ్ జనం గుడిసెల దగ్గర తిరిగే బక్కచిక్కిన కుక్కలది. తెల్లదొరల భాషలో ఊరకుక్కలు. దొర కుక్క దానితో కలిస్తేనే ఈ వంశం పుట్టింది. పెద్దమనిషి లక్షలు పోసి కొన్నది ఊరకుక్క గుర్తునే.

ఆ గుర్తు కోసం మనుషులు చేసిన పని ఇంకా ఉంది. కొన్ని పిల్లలు గీత లేకుండా పుడతాయి. ఆరోగ్యంగానే ఉంటాయి. నిజానికి గీత ఉన్నవాటికే డెర్మాయిడ్ సైనస్ అనే జబ్బు ముప్పు, చర్మం లోంచి ఒక గొట్టం లోపలికి దిగి ఒక్కోసారి వెన్నుపాము దాకా పోతుంది. గీతకూ ఆ ముప్పుకూ మూలం ఒకే జన్యు మార్పని 2007లో శాస్త్రవేత్తలు తేల్చారు. అయినా తరాల పాటు చంపింది ఎవర్ని? గీత లేని పిల్లల్ని. వెంట్రుకలు అటు కాకుండా ఇటు పెరిగాయని, కళ్లు కూడా తెరవని పిల్లల్ని. బ్రిటన్‌లో ఒక క్లబ్బు నియమావళిలో ఈ మాట రాసే ఉందని 2008లో బయటపడి గొడవైంది. పుట్టుకతో వచ్చిన గుర్తు ఉంటే నెత్తిన పెట్టుకోవడం, లేకపోతే తీసి పారేయడం. మనకు ఇది ఆఫ్రికా వెళ్లి నేర్చుకోవాల్సిన విద్యా?

మా గేటు దగ్గర నల్లోడని ఒక కుక్క ఉంది. చెవి కొసన కత్తిరింపు ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. అలాంటి కుక్కను ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలని 2023 కేంద్ర నిబంధనల్లో ఉంది. దసరా రాత్రి టైగర్ ముట్టిన పులిహోర ఎవరూ తినలేదు కదా, మా వాచ్‌మన్ అందులో కాస్త ఆకులో పెట్టి నల్లోడి ముందుంచాడు. తెల్లారేసరికి గ్రూపులో ఫొటో. ‘స్ట్రీట్ డాగ్స్‌ను ఎంకరేజ్ చేస్తున్నారు, స్టాండర్డ్స్ పడిపోతున్నాయి.’ పెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. అమ్మవారి ప్రసాదంలో మూతి పెట్టిన కుక్కకు నూట ఇరవై దండాలు, దాని ఎంగిలి తిన్న కుక్కకు కార్పొరేషన్ బండి. అన్నం పెట్టినవాడి జీతంలో ఐదు వందలు కోత. అరవై ఏళ్ల మనిషిని, పన్నెండు గంటల డ్యూటీ చేసేవాణ్ణి, కమిటీ ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. సిగ్గుండాలి. ఆయన చేతులు కట్టుకుని నిలబడితే ఎదురుగా కూర్చున్న తొమ్మిది మందిలో ఒక్కరూ నోరెత్తలేదు.

నల్లోడు మూడో రోజుకు తిరిగొచ్చాడు, నిబంధన ప్రకారమే. ఐదు వందలు ఇంకా రాలేదు. వచ్చే జనరల్ బాడీ అజెండాలో ఆ కోత విషయం చేర్చమని సెక్రటరీగారికి రాసిచ్చాను. ‘ఇతరములు’ కింద చూద్దామన్నారు. మొదటి అంశం మాత్రం ఖాయమైందట: క్లబ్ హౌస్ గోడకు టైగర్, సింహం ఫొటో.