పాలమూరుకు లండన్ పైసలొచ్చినప్పుడు లెక్క ఎవరు అడిగిండ్రు, ఇప్పుడు మన పైసలు బయటికి పోతుంటే ఎవరు అడగాలె

పాలమూరు, నల్గొండ చెల్కల్ల జరిగిన వాటర్‌షెడ్ పనులకు ఒకప్పుడు బ్రిటన్ జనం కట్టిన ట్యాక్స్ పైసలొచ్చినయ్ అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు, కానీ అది నిజం. 1999లో మొదలైన గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్ట్, ఆఫీసుల్ల ఏపీఆర్ఎల్‌పీ అనేటోళ్లు, దానికి డబ్బు పెట్టింది బ్రిటన్ ప్రభుత్వపు విదేశీ సాయం చూసే శాఖ, డీఎఫ్ఐడీ. ఉమ్మడి రాష్ట్రంల ఐదు కరువు జిల్లాలు తీసుకున్నరు, మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం, కర్నూలు, ప్రకాశం. చెక్ డ్యాములు, కందకాలు, ఊట కుంటలు కడితే భూమి ఉన్నోనికే లాభం, భూమి లేనోళ్ల సంగతేంది అని ఆలోచించి మహిళా సంఘాలకు, కూలోళ్లకు కూడా ఏదన్నా ఆసరా ఉండాలని దాన్ని వాటర్‌షెడ్ ప్లస్ అన్నరు. దానికి కొంచెం ముందు నుంచే నెదర్లాండ్స్ సాయంతోని ఏపీవెల్ అనే బోర్ల ప్రాజెక్ట్ గూడ ఈ రెండు జిల్లాల్ల నడిచింది, కొందరు సన్నకారు రైతులు కలిసి ఒక బోరు వాడుకునేటట్టు.

ఆ పనులు ఎంతవరకు నిలబడ్డయో ఊరూరికి ఒక తీరుగ ఉంటది, దాని గురించి వేరే రాయొచ్చు. ఇక్కడ నాకు కావాల్సిన ముచ్చట ఒక్కటే, ఆ పైసల లెక్క ఎవరు ఎవరిని అడిగిండ్రు?

లండన్‌ల అడిగిండ్రు. బ్రిటన్ దిగువసభ హౌస్ ఆఫ్ కామన్స్‌ల ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ కమిటీ అని ఒకటి ఉన్నది, 1997 నుంచి పనిచేస్తున్నది. మంత్రిని పిలిచి కూసోబెట్టి, ఇండియాకు ఇస్తున్న సాయం పేదోనికి చేరుతున్నదా అని అడగడం ఆ కమిటీ పని. ఇండియా ప్రోగ్రామ్ మీదనే 2005ల ఒక రిపోర్ట్, మళ్లీ 2011ల ఇంకో రిపోర్ట్ ఇచ్చింది. ఈ అలవాటు వాళ్లకు ఊరికెనే రాలే. మలేషియాల పెర్గావ్ డ్యామ్‌కు బ్రిటన్ 23 కోట్ల 40 లక్షల పౌండ్ల సాయం ఇచ్చింది, అది ఆయుధాల అమ్మకంతోని ముడిపడ్డ బేరమని తర్వాత బయటపడ్డది, డబ్బు దండగ అని సొంత అధికారే రాసిపెట్టినా మంత్రులు వినలే. 1993ల ఆడిట్ రిపోర్ట్ వచ్చింది, పార్లమెంట్ కమిటీలు పట్టుకున్నయ్, ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకు పోయింది, 1994 నవంబర్‌ల హైకోర్టు ఆ సాయం చట్టవిరుద్ధం అని చెప్పింది. ఆ దెబ్బ గుర్తుండబట్టే 2002ల విదేశీ సాయం పేదరికం తగ్గించడానికే అని చట్టం రాసుకున్నరు, 2006ల ఏటేటా పార్లమెంట్‌కు లెక్క చెప్పాలని ఇంకో చట్టం తెచ్చుకున్నరు. 2011ల ఐసీఏఐ అనే స్వతంత్ర సంస్థ పెట్టిండ్రు, అది రిపోర్ట్ ఇచ్చేది మంత్రికి కాదు, పార్లమెంట్‌కు. 2023ల అదే సంస్థ ఇండియాకు 2016 నుంచి 2021 దాకా రకరకాల దారుల్ల వచ్చిన 230 కోట్ల పౌండ్ల లెక్క తీసి, ఇది ముక్కలు ముక్కలుగ ఉన్నది, పేదరికం తగ్గించే గట్టి ఉద్దేశం కనబడతలేదు అని మొహమాటం లేకుండ రాసింది.

మంచి పద్ధతి. నేను ఒప్పుకుంట. కానీ ఇంత అడిగినా ఆ ప్రశ్నల్ల దేవరకొండ లేదు, నారాయణపేట లేదు. ప్రశ్న వేసేది లండన్ ఎంపీ, జవాబు చెప్పేది లండన్ మంత్రి, ఎవరి చెల్కల పని జరిగిందో ఆ రైతుకు ఆ రిపోర్ట్ తెలుగుల రాదు, రావాలని ఎవరికీ తోచదు కూడా.

ఒక్కసారి మాత్రం తెలంగాణ రైతు మాట లండన్ దాకా పోయింది, మనోళ్లకే అది సరిగ్గ తెల్వదు. 2001 ఎండాకాలం పోయినంక మెదక్ జిల్లా ఆల్గోల్‌ల ప్రజాతీర్పు అని ఒక రైతుల జ్యూరీ కూసున్నది. అప్పటి ప్రభుత్వం మెకిన్సీ అనే అమెరికా సలహాల కంపెనీతోని రాయించిన విజన్ 2020 అనే ప్రణాళిక మీద విచారణ అది. వ్యవసాయం మీద బతికేటోళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గియ్యాలన్న ఆలోచన ఆ విజన్‌ల ఉన్నది, ఆ ప్రభుత్వానికి పెద్దగ సాయం చేస్తున్నది బ్రిటన్. జ్యూరీల చాలామంది సన్నకారు, దళిత, ఆదివాసీ రైతులు, ఎక్కువమంది ఆడోళ్లు. అధికారులను, సైంటిస్టులను, కంపెనీలోళ్లను సాక్షులుగ కూసోబెట్టి విని, ఆ విజన్ మాకు వద్దు అన్నరు, మా భూమి, మా విత్తనం, మా ఊరి మీద పెత్తనం మాకే ఉండాలన్నరు. ఆ తీర్పు 2002ల బ్రిటన్ ఎంపీల దాకా పోయింది. డీఎఫ్ఐడీ ఇండియా ఆఫీసు అయితే ఆ జ్యూరీ పద్ధతే సరిగ్గ లేదని గట్టిగ అభ్యంతరం పెట్టింది. పద్ధతి మీద కొట్లాడొచ్చు, తప్పులేదు. కానీ సాయం తీసుకునేటోడు సాయం చేసేటోని పార్లమెంట్‌ల వినబడుడు ఎంత అరుదో ఆ ఒక్క సంగతే చెప్తది.

తర్వాత బ్రిటన్‌ల కూడా గాలి మారింది. జాతీయాదాయంల 0.7 శాతం విదేశీ సాయానికి పెట్టాలని 2015ల చట్టం చేసుకున్న దేశమే 2020ల డీఎఫ్ఐడీని విదేశాంగ శాఖల కలిపేసింది, 2021 జులైల 333కి 298 ఓట్లతో 0.5కి తగ్గింపును ఖాయం చేసుకున్నది, 2025 ఫిబ్రవరిల రక్షణ ఖర్చు కోసం 2027 కల్లా 0.3కి దించుతమని ప్రకటించింది, మూడు రోజులకు విదేశీ సాయం చూసే మంత్రి అన్నెలీస్ డాడ్స్ రాజీనామా చేసింది. 2023ల అయితే మొత్తం సాయంల పావు వంతు కంటే ఎక్కువ సొంత దేశంల శరణార్థుల ఖర్చుకే పోయింది. ఈ లెక్కలు మనకు తెలుస్తున్నయ్ అంటే ఆ కమిటీలు తవ్వి బయట పెట్టబట్టే. ఆపలేకపోయినయ్, కానీ దాయనియ్యలే.

మరి మన సంగతి? ఇండియా ఇప్పుడు తీసుకునే దేశం మాత్రమే కాదు, ఇచ్చే దేశం. 2012ల విదేశాంగ శాఖల దీనికోసమే ఒక విభాగం పెట్టిండ్రు. 2025-26 బడ్జెట్ల విదేశాంగ శాఖకు 20 వేల 500 కోట్ల పైచిలుకు పెడితే అండ్ల ఒక్క భూటాన్‌కే 2,150 కోట్లు. ఇది కాక కేంద్ర ప్రభుత్వపు ఎగ్జిమ్ బ్యాంక్ ద్వారా వేరే దేశాలకు ఇచ్చిన అప్పులు ఇన్నేండ్లల్ల 30 బిలియన్ డాలర్ల పైనే ఉన్నయ్, ఆఫ్రికాల, బంగ్లాదేశ్‌ల, శ్రీలంకల రోడ్లకు, కరెంటుకు, నీళ్లకు. నేను ఇయ్యొద్దు అంటలేను. పక్కోడు మునుగుతుంటే చెయ్యి అందియ్యాలె, 2022ల శ్రీలంకకు ఇచ్చింది మంచి పనే. కానీ లెక్క అడిగే ఏర్పాటు చూస్తే బాధైతది.

విదేశీ వ్యవహారాల స్టాండింగ్ కమిటీ ఉన్నది, 31 మంది ఎంపీలు, శశి థరూర్ చైర్మన్. ఆ కమిటీ బడ్జెట్ పద్దులు చూస్తది, ప్రాజెక్టుల ఆలస్యం గురించి రాస్తది కూడా. కానీ కమిటీ చెప్పింది ప్రభుత్వం వినాల్నని ఏమీ లేదు, మూడు నెలల్ల ఏం చేసిండ్రో ఒక జవాబు ఇస్తే సరిపోతది. ఏటేటా ఏ దేశంల ఏ ప్రాజెక్ట్‌తోని ఎవరికి ఏం ఒరిగిందో పార్లమెంట్‌ల పెట్టాలన్న చట్టం మనకు లేదు, ఐసీఏఐ లాంటి స్వతంత్ర సంస్థా లేదు. సభల చర్చ అంటరా, 2018ల, 2023ల శాఖల పద్దులన్నీ చర్చ లేకుండనే గిలెటిన్‌ల, అంటే అన్నీ కలిపి ఒక్కసారే ఓటుకు పెట్టుడుల, పాసైనయ్. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అని ఐక్యరాజ్యసమితిల దేశాలన్నీ ఒప్పుకున్నవి, 2030 కల్లా చెయ్యాల్సినవి 17 ఉన్నయ్ కదా, వాటికీ ఇదే గతి. నీళ్లు ఒక కమిటీ, వ్యవసాయం ఒక కమిటీ, గ్రామీణాభివృద్ధి ఇంకో కమిటీ. బోరు ఎండిపోయి మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి, పూణె బాట పట్టిన పాలమూరు కుటుంబం మూడిట్లకూ వస్తది, ఏ ఒక్కదాంట్ల పూర్తిగ కనబడదు.

ఈ విషయంల మనకు ఇంగ్లండ్‌ను చూసి నేర్చుకునే పని కూడా లేదు. 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంల ఉపాధి హామీ పనులకు సోషల్ ఆడిట్ జరిగింది. చదువుకున్న ఊరి పిల్లలే ఇల్లిల్లు తిరిగి మస్టర్‌ల పేరుకూ చేతికొచ్చిన కూలికీ తేడా పట్టుకున్నరు, మండలంల ప్రజావేదిక పెట్టి అధికారుల ముందర, అందరి ముందర చదివి వినిపించిండ్రు. అండ్ల లోపాలు లేవా అంటే ఉన్నయ్, తిన్న పైసల రికవరీ అనుకున్నంత కాలే, అయినా సర్కారు పైసల మీద కూలోడు లేసి నిలబడి మాట్లాడే హక్కు దానివల్లనే వచ్చింది. ఆ పద్ధతినే మన విదేశీ సాయానికి పెట్టొచ్చు కదా. నేపాల్‌ల మన పైసలతోని బడి కడితే ఆ ఊరోళ్ల ముందర లెక్క చదవాలె, వాళ్లు చెప్పింది మన స్టాండింగ్ కమిటీ ముందర కాగితం రూపంల ఉండాలె. పైసలు ఇచ్చేటోని పార్లమెంట్‌ల ఊరు కనబడకపోతే ఎట్లుంటదో పాలమూరు, నల్గొండోళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తది?

నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నలుగురు లోక్‌సభ సభ్యులున్నరు మనకు. పార్టీ ఏదైనా కానీ, ఇదే గడ్డ మీద నుంచి పోయిన జైపాల్ రెడ్డికి 1998ల ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు వచ్చింది సభల మాట్లాడినందుకే. ఫిబ్రవరిల బడ్జెట్ పెట్టినంక సమావేశాల మధ్యల విరామం వస్తది, స్టాండింగ్ కమిటీలు శాఖల పద్దులు చూసేది అప్పుడే. ఆ టైంకు ఈ నలుగురిల ఒక్కరన్నా విదేశాంగ మంత్రికి నక్షత్రం గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభల నోటితోని జవాబు చెప్పాల్సిన ప్రశ్న, ఒకటి వెయ్యాలె, గడిచిన పదేండ్లల్ల పూర్తయిన మన సాయం ప్రాజెక్టుల్ల ఎన్నింటికి స్వతంత్ర మూల్యాంకనం జరిగింది, ఆ రిపోర్టులు సభ ముందర ఎందుకు పెట్టలే అని.