రెండో కృష్ణుడి టీ

మోచేతికి బెల్లం రాసి నాకించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. నిక్ పేన్ అనే ఇంగ్లిష్ నాటక రచయిత 2012లో అదే మోచేతిని లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో రంగం ఎక్కించాడు, బెల్లం ఊసెత్తకుండా. ఆయన 'కాన్‌స్టెలేషన్స్' నాటకంలో విశ్వశాస్త్రం చదివిన మరియన్, తేనెటీగలు పెంచే రోలండ్‌కు ఒక విందులో తారసపడి అడిగే ప్రశ్న ఇది: మోచేతి కొనను ఎవరూ ఎందుకు నాకలేరో తెలుసా? అమరత్వ రహస్యం అక్కడే ఉందట!

తనకు ఇప్పటికే తోడు ఉందని చెప్పి అతడు తప్పుకుంటాడు. వెంటనే అదే విందు, అదే మోచెయ్యి మళ్లీ మొదలు. ఈసారి జవాబు వేరు. జరగగలిగిందల్లా ఏదో ఒక లోకంలో జరుగుతూనే ఉంటుందంటూ 1957లో అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు హ్యూ ఎవరెట్ ప్రతిపాదించిన అనేక లోకాల సిద్ధాంతమే దీనికి ఆధారమని చెబుతారు. చెప్పుకోనివ్వండి.

మన పద్యనాటకంలో దీని పేరు 'వన్స్ మోర్'. రాయబారం సీనులో కృష్ణుడు రాగం దించీ దించకముందే మూడో వరసలోంచి కేక పడుతుంది. హార్మోనియం వెనక్కి వెళుతుంది, దాంతో పాటు కాలమూ వెళుతుంది. తేడా ఒక్కటే. పెళ్లి చేసుకోమని అడగడానికి తేనెటీగల మీద ఉపన్యాసం చదివే రోలండ్‌కు ఏదో ఒక లోకంలోనైనా 'సరే' అన్న మాట దక్కుతుంది. మన దుర్యోధనుడు మూడు వన్స్ మోర్‌ల తర్వాత కూడా అయిదూళ్లివ్వడు.

2021లో ఇదే నాటకాన్ని లండన్‌లోనే వాడెవిల్ థియేటర్‌లో నాలుగు జంటలు వంతులవారీగా ఆడాయి. ఆటకొక జంట. ఎంత పిసినారితనం! మనకు ఒకే రాత్రి పడకసీనుకొక కృష్ణుడు, రాయబారానికి మరొకడు. మొదటివాడు కిరీటం ఒళ్లో పెట్టుకుని, నీలం రంగు గ్లాసుకు అంటకుండా తెర పక్కన టీ తాగుతూ, రెండో తనను తాను చూసుకుంటాడు. 'వీడు ఆ గమకం మింగేశాడు' అని తబలా ఆయనతో గొణుగుతాడు కూడా. సమాంతర లోకాలు ఒకదానినొకటి చూడలేవన్న శాస్త్రజ్ఞులు ఆ టీ గ్లాసుకు ఏం సమాధానం చెబుతారు?

ఒక్క చిక్కుంది. ఎవరెట్ మాటే నిజమైతే దుర్యోధనుడు అయిదూళ్లూ ఇచ్చేసిన లోకం కూడా ఎక్కడో ఉండాలి. అక్కడ తెల్లవార్లూ ఆడాల్సిన నాటకం పదింటికే ముగిసి ఉంటుంది. రెండో కృష్ణుడి కిరాయి ఎవరిస్తారు?