తక్కువ తిన్నామని ఎవరు సాక్ష్యం చెప్పాలి?

ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. వంట హడావిడిలో సీసా వంచి చేతి అంచనాతో పోస్తాం. తిన్నది రాసుకునే డైరీలో మాత్రం ‘ఒక చెంచా’ అని రాసుకుంటాం. ఇలా రోజుకు రెండు చెంచాలు లెక్క తప్పితే 240 కేలరీలు. రోజుకు 2,400 కేలరీలు తినే మనిషికి అది పదో వంతు. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. అయినా, ఏళ్ల తరబడి తక్కువ తింటే శరీరంలో ఏం మారుతుందో తేల్చాలనుకునే పరిశోధన ఆ పదో వంతు దగ్గరే కుప్పకూలుతుంది.

అందుకే కేలరీల నియంత్రణ గురించి ఏ వార్త కనబడినా నేను ముందు ఫలితం చూడను. పాల్గొన్నవారు నిజంగా ఎంత తగ్గించారు, దాన్ని ఎలా కొలిచారు అన్నది వెతుకుతాను. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని వాపోయే పదిమందిని 1992లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం పరీక్షించింది. వారి జీవక్రియలో లోపమేమీ కనిపించలేదు. తిన్నదానిలో సగటున 47 శాతం వారి లెక్కలోకే రాలేదు.

మనిషిని కాక శరీరాన్నే అడిగే పద్ధతి ఒకటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన రూపాలు డ్యుటీరియం, ఆక్సిజన్-18 కలిసిన నీటిని ఒక మోతాదు తాగిస్తారు. వీటికి రేడియోధార్మికత ఉండదు. ఆపై రెండు వారాల పాటు మూత్రం నమూనాలు సేకరిస్తారు. డ్యుటీరియం నీటి రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్-18 నీటితో పాటు, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనూ పోతుంది. రెండూ తరిగే వేగంలోని తేడాను బట్టి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారో, దాన్ని బట్టి ఎంత శక్తి ఖర్చయిందో తెలుస్తుంది. ఆ ఖర్చులోంచి శరీరం సొంత నిల్వల నుంచి తీసి వాడుకున్నది మినహాయిస్తే మిగిలినదే తిన్న తిండి. నిల్వల్లో మార్పును డెక్సా స్కాన్, అంటే ఒంట్లోని కొవ్వు, కండలను కొలిచే ఎక్స్-రే పరీక్ష, చూపిస్తుంది. డైరీ అవసరమే లేదు.

అమెరికాలోని మూడు కేంద్రాల్లో రెండేళ్ల పాటు సాగిన ‘క్యాలరీ’ ప్రయోగం తన లెక్కలకు ఇదే దారి పట్టింది. ఊబకాయం లేని రెండు వందల మందికి పైగా ఇందులో చేరారు. వీరిలో తిండి తగ్గించాల్సిన బృందానికి పెట్టిన లక్ష్యం కేలరీల్లో 25 శాతం కోత. తొలి ఆరు నెలల్లో వారు 20 శాతం దాకా వెళ్లారు, తర్వాత 9 శాతం దగ్గర స్థిరపడ్డారు. మొత్తం మీద సగటు దాదాపు 12 శాతం. పోషకాహార నిపుణుల సలహా, క్రమం తప్పని సమావేశాలు అన్నీ ఉన్నా వచ్చింది ఇంతే.

దీన్ని వైఫల్యమనడం నాకు నచ్చదు. రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ తగ్గింది ఆ 12 శాతంతోనే. నా అభ్యంతరం ఆ ప్రయోజనాలను 25 శాతం ఖాతాలో వేసి రాసేవారితో. లక్ష్యాన్ని శీర్షికలో పెట్టి, కొలిచిన అంకెను లోపలెక్కడో దాచితే పాఠకుడు తనవల్ల కాని పనికి సిద్ధపడి, నెల తిరక్కుండానే తనను తాను నిందించుకుంటాడు.

బరువు చూస్తే చాలదా అని అడిగేవారున్నారు. మొదట్లో కొంతవరకు చాలు. ‘క్యాలరీ’లో కూడా పాల్గొన్నవారి బరువు అనుకున్న గీత వెంట దిగుతోందో లేదో చూసేవారు. చిక్కంతా బరువు నిలిచిపోయాక వస్తుంది. మొదట 2,400 కేలరీలు తిన్న మనిషి బరువు తగ్గి, ఖర్చు 2,150కి దిగి, అంతే తింటున్నాడనుకుందాం. తూకం కదలదు. కానీ అతను ఇప్పటికీ మునుపటికన్నా పదో వంతు తక్కువే తింటున్నాడు, అదీ ప్రతిరోజూ. తూకం ఒక్కటే చూసేవాడికి అతను నియమం వదిలేసినట్టు కనబడతాడు.

ఈ నీటి పద్ధతికీ హద్దులున్నాయి. ఆక్సిజన్-18 ఖరీదైనది. రెండు వారాల సగటు చెబుతుందే తప్ప, సోమవారం ఉపవాసముండి శనివారం కడుపారా తిన్న సంగతి చెప్పదు. బృందం సగటుకు నమ్మదగినదే గాని, ఒక్క వ్యక్తి విషయంలో పొరపాటు పెద్దదవుతుంది. అందువల్ల ఫలానా వ్యక్తి కట్టుబడ్డాడు, ఫలానా వ్యక్తి తప్పాడు అని దీన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ప్రతి ఆరు నెలలకూ బృందం ఎక్కడుందో, అందులో మనుషుల మధ్య ఎంత ఎడముందో, మధ్యలో మానేసినవారు ఎందరో పక్కపక్కనే ప్రచురించాలి. రెండేళ్ల సగటు ఒక్కటే ఇస్తే ఆ 20 శాతం 9కి జారిన దారి మన కంటికి ఆనదు.