మడి మీద మరక పడనివ్వని సంస్థ

అమెరికాలో కళాశాల ఆటలను ఏలే ఎన్‌సీఏఏ మీద నోరు పారేసుకోవడం ఈ రోజుల్లో ఫ్యాషనైపోయింది. ఆటగాడు డబ్బు ముట్టకూడదన్న మడిని 1906లో పుట్టిన నాటి నుంచి నిష్ఠగా కాపాడుకొచ్చిన సంస్థకు దక్కవలసిన మర్యాద ఇది కాదని విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా బేగెల్ సంగతి. నడుమ చిల్లుండే ఆ గుండ్రటి రొట్టెను అప్పట్లో కళాశాలవారు ఆటగాడికి చిరుతిండిగా పెట్టగలిగేవారు. పండ్లు, గింజలు కూడా పెట్టగలిగేవారు. రొట్టె మీద క్రీమ్ చీజ్ రాశారో, అది చిరుతిండి హద్దు దాటి నియమోల్లంఘన అయ్యేది. ధర్మాధర్మాలను ఇంత సూక్ష్మంగా విడదీసినవారు మన స్మృతికారుల్లోనూ అరుదు. బాస్కెట్‌బాల్ టోర్నీ టీవీ హక్కులను 2010లో ఇదే సంస్థ 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్ముకుందని కొందరు ఎత్తిపొడుస్తారు. సొమ్ము సంస్థ చేతిలో ఉంటే నిధి, ఆటగాడి చేతిలో పడితే మైల అని వారికెవరు చెప్పాలి? 2014లో ఆ టోర్నీలో యూకాన్‌ను (కనెక్టికట్ విశ్వవిద్యాలయ జట్టును) విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని విలేకరుల ముందు అనేశాడు. ఆ నెలలోనే తిండి మీద ఆంక్షలు ఎత్తేశారు. రెండింటికీ సంబంధం ఉందనుకోవడం మన దురాలోచన.

సంస్థకు అధికార దాహమన్న నింద మరీ అన్యాయం. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో దాదాపు 18 ఏళ్లపాటు పాఠమే జరగని తరగతులు నడిచాయి. 3,100 మందికి పైగా విద్యార్థులు, వారిలో సుమారు సగం మంది ఆటగాళ్లు, ఒక్క వ్యాసం ఇచ్చి మార్కులు పట్టుకెళ్లారు, ఆ వ్యాసాల్లో చాలావాటిని దిద్దింది ఆచార్యులు కారు, శాఖ కార్యాలయ ఉద్యోగిని. ఏళ్లతరబడి విచారించి, ఆ తరగతులు ఆటగాళ్లకే కాక విద్యార్థులందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టి తన నియమాల ప్రకారం శిక్షించే వీలు లేదని 2017లో సంస్థ వినయంగా తేల్చింది. క్రీమ్ చీజును కూడా కళాశాల మొత్తానికీ పంచిపెట్టే ఉపాయం తోచక కదా, పాపం, అన్నాళ్లూ ఉత్త రొట్టె పెట్టారు!

శిక్షించదలిస్తే మాత్రం వెనకాడదు. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) తరఫున ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రెగ్గీ బుష్, అతడి కుటుంబం అనుచిత లబ్ధి పొందారని 2010లో తేల్చేనాటికి అతడు ప్రొఫెషనల్ లీగుకు వెళ్లి నాలుగేళ్లయింది, కోచ్ కూడా వేరే కొలువు చూసుకున్నాడు. అందువల్ల ఆ తప్పు జరిగిన రోజుల్లో బడిలో చదువుకుంటున్న కుర్రాళ్లకు, 2010లో యూఎస్‌సీ జట్టులో ఉన్న పాపానికి, రెండు సీజన్లు బౌల్ పోటీల (సీజన్ చివర జరిగే ప్రతిష్ఠాత్మక మ్యాచ్‌ల) నిషేధం ప్రసాదించారు. ఎన్‌సీఏఏ ప్రభుత్వాంగం కాదు గనుక రాజ్యాంగబద్ధమైన న్యాయప్రక్రియ పాటించనక్కర్లేదని బాస్కెట్‌బాల్ కోచ్ టార్కేనియన్ కేసులో సుప్రీంకోర్టు 1988లోనే 5-4 తేడాతో అభయమిచ్చింది. అదే కోర్టు 2021లో గుత్తాధిపత్య నిరోధక చట్టం దీనికీ వర్తిస్తుందని 9-0తో తేల్చడం కలికాల మహిమ.

2025 నాటి కోర్టు రాజీ ఒప్పందంతో కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించే రోజులొచ్చాయి. అయినా మడి పూర్తిగా మంటగలవలేదు. బయటివారితో ఆటగాళ్లు కుదుర్చుకునే 600 డాలర్లు, ఆపైన ఒప్పందాల్లో నిజమైన వ్యాపార ప్రయోజనం ఉందో లేదో చూడటానికి కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ వెలిసింది. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ కోచ్‌ను సాగనంపుతూ, ఇక తమకు కోచింగ్ ఇవ్వకుండా ఉన్నందుకు చెల్లించాల్సి వచ్చింది 7 కోట్ల డాలర్ల పైమాటే. అందులో వ్యాపార ప్రయోజనం ఏమిటో రాయమనే ఫారం ఇంకా అచ్చు కాలేదు.