కొబ్బరికాయకు మతం లేదు

మా ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాల వార్షికోత్సవంలో మతం ఊసే లేదు. పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుడిగా పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటోంది. బోధన అండీ, బోధన! లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న బడిలో లెక్కల బోధనకే దిక్కు లేదు, మతబోధన ఎవరు చేస్తారు?

వేదిక మీద సరస్వతి పటానికి దండ వేశాం, అది అలంకరణ. సాంబ్రాణి వేశాం, మా ఊళ్లో దోమలు ఎక్కువ. మంత్రాలు చదివిన పంతులుగారు ఈ బడి పూర్వ విద్యార్థి, ఆ హోదాలోనే వచ్చారు. ఇక కొబ్బరికాయ. దానికి మతం ఉందని ఏ వృక్షశాస్త్ర గ్రంథమూ చెప్పదు. పైగా ముఖ్య అతిథి మూడుసార్లు కొట్టినా అది పగలలేదు. నాలుగోసారి కొట్టే అర్హత ఏ స్థాయి అధికారికి ఉందన్న చర్చ సాగుతుండగా, వ్యాయామ ఉపాధ్యాయుడు దాన్ని తెర వెనక్కి పట్టుకెళ్లి, షాట్‌పుట్ గుండుతో రెండు చెక్కలు చేసి తెచ్చి అతిథిగారి చేతుల్లో పెట్టారు. చప్పట్లు మోగాయి. క్రీడా సామగ్రి బీరువా తెరవడం ఆ ఏడాదికి అదే మొదటిసారి.

ఇంత పద్ధతిగా జరిపినా నిరుడు ఒక తండ్రి వచ్చి, "మా పాపచేత దండం పెట్టించేముందు నన్ను ఒక మాట అడగాలి కదండీ" అన్నాడు. మైనరు పిల్లలను పూజకు రమ్మనాలంటే సంరక్షకుల సమ్మతి కావాలన్న అదే 28వ అధికరణం మూడో క్లాజు చూపించాడు. అంతటితో ఆగక 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పు తీశాడు. కేరళలో తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా, మర్యాదగా లేచి నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేస్తే, తిరిగి చేర్చుకోమన్న తీర్పు అది. రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మేమంతా గర్వించాం. తర్వాత క్షుణ్ణంగా చదివాం. అందులో కొబ్బరికాయ ప్రస్తావన ఎక్కడా లేదు.

అయినా పెద్దమనసుతో ఈసారి సర్వమత ప్రార్థన పెట్టాం. హాజరు పట్టీ ముందేసుకుని, పేర్లను బట్టి పిల్లలను ఎంపిక చేశాం. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు "నాకు ప్రార్థనలు రావు సార్, కబడ్డీ వచ్చు" అని మొత్తుకున్నాడు. పేరు ఉన్నాక రాకపోవడం ఏమిటని వేదిక ఎక్కించాం. ఇంకో అమ్మాయి ఫిబ్రవరి ఎండలో క్రిస్మస్ పాట పాడింది. తమ ఇంట్లో దేవుడే లేడన్న మరో పిల్లవాడికి కూడా అన్యాయం చేయలేదు. మైకు ముందు ఒక నిమిషం మౌనంగా నిలబెట్టాం. ఎవరో పోయారనుకుని సభంతా లేచి నిలబడింది.

వచ్చే నెల పదో తరగతి పరీక్షలు. హాల్‌టికెట్లు పటం ముందు పెట్టి పూజ చేయించాలనీ, లెక్కల పోస్టు భర్తీ అయ్యేదాకా ఆ సబ్జెక్టు బాధ్యత సరస్వతీదేవికే అప్పగించాలనీ తీర్మానించాం. ఉపాధ్యాయుల హాజరు పుస్తకంలో ఆవిడ తరఫున సంతకం ఎవరు పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.